కాల్చినోడి కులగోత్రాలు

ఈసారి బులెటిన్ కొంచెం పొడుగ్గా ఉంటది. షిఫ్టులో ఉన్నోళ్లు బ్రేక్‌లో చదవండి, కిచెన్‌లో ఉన్నోళ్లు పొయ్యి ఆపి చదవండి.

ఈ దేశంలో ఎక్కడ తుపాకీ పేలినా మన గ్రూపుల్లో పది నిమిషాల్లో వచ్చే ప్రశ్న ఒకటే. కాల్చినోడు ఎవడు? తెల్లోడా, నల్లోడా, ముస్లిమా, మెక్సికనా, వీసా మీద వచ్చినోడా, బోర్డర్ దాటొచ్చినోడా? ఎంతమంది పోయారన్నది ఆ తర్వాత. పోలీసులు పేరు చెప్పకముందే ఎవరో ఒకరు ఒక ఫొటో పెడతారు, అది ఇంకెవరిదో అయి ఉంటుంది. అసలు పేరు బయటికొచ్చాక సగం మంది "హమ్మయ్య, మనవాడు కాదు" అనుకుని పడుకుంటారు. మిగతా సగం "నేను ముందే చెప్పలా" అని తెల్లార్లూ టైప్ చేస్తుంటారు.

అడగడం తప్పని నేననను. రాజకీయ ద్వేషం తలకెక్కి జనం మధ్యలోకొచ్చి కాల్చినవాడి వెనక ఏముందో తెలియాల్సిందే. కాకపోతే మనం వాడి కులగోత్రాల దగ్గరే ఆగిపోతున్నాం. వాడు అంతకుముందు ఎవరితో ఏం అన్నాడు, ఎవరు విన్నారు, తుపాకీ ఎక్కడ కొన్నాడు, ఎవరన్నా ఆపే వీలుందా... ఈ ప్రశ్నలు మన గ్రూపుల్లో నేను పెద్దగా చూడలేదు. పని మీద ఉన్న మనలాంటోళ్లకు పనికొచ్చేవి అవే.

మనకు బాగా తెలిసిన కేసే తీసుకుందాం. 2017 ఫిబ్రవరి 22, కాన్సాస్ రాష్ట్రంలో ఒలేతా ఊరు. గార్మిన్ కంపెనీలో ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్, అదే కంపెనీలో పనిచేసే ఇంకో తెలుగు స్నేహితుడు, ఆఫీసు అయ్యాక ఆస్టిన్స్ బార్ అండ్ గ్రిల్‌లో బయట పాటియోలో కూర్చున్నారు. శ్రీనివాస్‌కి 32 ఏళ్లు. హైదరాబాద్ కుర్రాడు, టెక్సాస్‌లోని ఎల్ పాసోలో మాస్టర్స్, తర్వాత అయోవాలో ఉద్యోగం, అక్కణ్నుంచి కాన్సాస్. ఊళ్ల పేర్లు మార్చుకుంటే మనలో చాలామంది బయోడేటా ఇదే.

ఆడమ్ ప్యూరింటన్ అనే 51 ఏళ్ల మనిషి వాళ్ల దగ్గరికొచ్చాడు. ఏ దేశం మీది, ఏ వీసా మీద ఉన్నారు, లీగల్‌గానే ఉన్నారా అని నిలదీశాడు. తిట్టాడు. అక్కడివాళ్లు వాణ్ని బయటికి పంపించేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, స్నేహితుడు గాయపడి బతికాడు. ఆపడానికి వెంటపడ్డ ఇయన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ల అమెరికన్ కుర్రాడి చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలో దిగింది తూటా. ప్యూరింటన్ పక్క రాష్ట్రం మిస్సోరికి పారిపోయాడు. అక్కడ క్లింటన్ అనే ఊళ్లో యాపిల్‌బీస్‌లో కూర్చుని, ఇద్దరు ఇరానీయుల్ని కాల్చాను, దాక్కోవడానికి చోటు కావాలని బార్‌టెండర్‌కే చెప్పాడు. ఆ బార్‌టెండర్ పోలీసులకి ఫోన్ చేస్తే దొరికాడు. 2018 మేలో కాన్సాస్ కోర్టు యావజ్జీవం వేసింది, 50 ఏళ్ల దాకా పెరోల్ లేకుండా. ఆగస్టులో ఫెడరల్ కోర్టు ద్వేషనేరం కింద మళ్లీ యావజ్జీవం వేసింది.

ఇక వాడి బ్యాక్‌గ్రౌండ్. నేవీలో పనిచేశాడు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చేశాడు. తండ్రి పోయాక తాగుడు ముదిరిందని ఇరుగుపొరుగు చెప్పారు. ఇది పేపర్లో రాగానే మనోళ్లలోనూ, ఇక్కడోళ్లలోనూ చాలామంది కేసు మూసేశారు: తాగుబోతు, మతి చెడింది, అంతే.

నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. ఈ దేశంలో తండ్రిని పోగొట్టుకున్నవాళ్లు కోట్లమంది. తాగేవాళ్లూ కోట్లమందే. ఆ రోజు ఆ బార్‌లో జనం నిండుగా ఉన్నారు. వాళ్లలో వాడు వెతికి వెతికి ఇద్దరు చామనఛాయ మనుషుల దగ్గరికే ఎందుకు వెళ్లాడు? వీసా గురించే ఎందుకు అడిగాడు? తాగుడు చేతికి తెగువ ఇస్తుందేమో గానీ, ఎవరి మీదికి వెళ్లాలో చెప్పదు. అది బయట గాలిలోంచి వచ్చింది. ఆ సంఘటనకి నాలుగు వారాల ముందే, జనవరి 27న, ఏడు దేశాలవాళ్లని రానివ్వొద్దని ప్రెసిడెంట్ ట్రంప్ ఆర్డర్ వచ్చింది. ఆ లిస్టులో ఇరాన్ ఉంది. టీవీలో పగలూ రాత్రీ అదే చర్చ. మనిషి నోట్లోంచి "ఇరానీ" అన్న మాట ఊరికే ఊడిపడలేదు. ఆర్డర్ సంతకం పెట్టినవాళ్లు కాల్చమన్నారని నేననడం లేదు, ఫిబ్రవరి 28న అమెరికా కాంగ్రెస్‌లో మాట్లాడుతూ ట్రంప్ ఈ హత్యని ఖండించాడు కూడా. పైన ఎవరిని వేలెత్తి చూపిస్తే, కింద ఎవడో ఒకడు ఆ వేలు పోయిన దిక్కుకి తుపాకీ ఎత్తుతాడు, అంతవరకే నా మాట.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, కొంతమందికి కోపం వస్తుంది, రానివ్వండి. అప్పుడు మన ఇళ్లల్లో, గ్రూపుల్లో బాగా నడిచిన మాట: "పాపం, పొరపాటు పడ్డాడు, మనోళ్లని ఇరానీవాళ్లనుకున్నాడు." సరే, పొరపాటు పడకుండా నిజంగా ఇద్దరు ఇరానీయుల్నే చంపి ఉంటే? మనకి నిద్ర పట్టేదా? పట్టేది అంటే మనం సిగ్గుపడాలి. అరిజోనాలో మేసా ఊళ్లో 2001 సెప్టెంబర్ 15న, ట్విన్ టవర్స్ కూలిన నాలుగో రోజు, గ్యాస్ స్టేషన్ నడుపుకునే బల్బీర్ సింగ్ సోధీని తలపాగా చూసి కాల్చేశారు. ఆయన సిక్కు. మన కౌంటీలోనే 2019 ఏప్రిల్ 23న సన్నీవేల్‌లో ఎల్ కమీనో రియల్ మీద ఒకడు రోడ్డు దాటుతున్న జనం మీదికి కారు తోలాడు. ఎనిమిదిమందికి దెబ్బలు, వాళ్లలో భారత సంతతి కుటుంబం పాప ఒకతె తలకి తగిలి కోమాలోకి పోయింది. వాళ్లలో కొందరిని ముస్లింలనుకుని గుద్దాడని పోలీసులు చెప్పారు. మనం ఉప్పూ పప్పూ కొనుక్కునే రోడ్డు అది. నుదుట బొట్టు పెట్టుకున్నా, మెడలో రుద్రాక్ష వేసుకున్నా ద్వేషించేవాడికి ఆ తేడాలు తెలియవు. "మేం వాళ్లం కాదు" అని బోర్డు కట్టుకుని తిరగడం మనకి రక్షణ కాదు, పైగా ఆ "వాళ్లు" అనబడేవాళ్లు మనతోపాటే అదే వేర్‌హౌస్‌లో, అదే కిచెన్‌లో పనిచేస్తున్నారు.

అప్పట్లో ఇంకో సలహా కూడా తిరిగింది. బయట తెలుగు మాట్లాడకండి, గట్టిగా నవ్వకండి, వాదన పెట్టుకోకండి అని. వాదన పెట్టుకోవద్దన్నది మంచి మాటే, తాగినోడితో పంతం ఎందుకు. కానీ తెలుగు మాట్లాడొద్దా? శ్రీనివాస్ వాళ్లు ఏ భాషలో మాట్లాడుతున్నారో విని కాల్చలేదు, మొహం చూసి కాల్చాడు. మొహం ఎక్కడ దాచుకుంటాం? ఇంటికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడాలంటే కారు అద్దాలు ఎక్కించుకుని మాట్లాడే తమ్ముళ్లు మన సంఘంలో ఉన్నారు. ఆ భయానికి నేను నవ్వను. భయపడినవాడి తప్పు కాదది.

ఒలేతా దూరం, అది రిపబ్లికన్ రాష్ట్రం, మనది కాలిఫోర్నియా అని ధీమాగా ఉండేవాళ్ల కోసం గిల్‌రాయ్ సంగతి. శాంటా క్లారా నుంచి 101 పట్టుకుని దక్షిణానికి పోతే మన కౌంటీ చివర్లో ఉంటది. వెల్లుల్లి పండగకి పేరు. 2019 జూలై 28 ఆదివారం సాయంత్రం, ఆ పండగ ముగియబోతుండగా, 19 ఏళ్ల శాంటినో లెగన్ అనే కుర్రాడు కంచె కత్తిరించుకుని లోపలికొచ్చి కాల్చాడు. ముగ్గురు పోయారు: ఆరేళ్ల బాబు, పదమూడేళ్ల పాప, పాతికేళ్ల యువకుడు. పదిహేడుమందికి గాయాలు. పోలీసులు నిమిషంలోపే ఎదుర్కొన్నారు, వాడు తనని తానే కాల్చుకుని చచ్చాడు.

కులగోత్రాలు అడిగేవాళ్లకి ఇక్కడ ఏమీ దొరకదు. బయటినుంచి వచ్చినవాడు కాదు, గిల్‌రాయ్ పిల్లాడే. కాల్పులకి కాసేపటి ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టుల్లో తెల్లజాతి పెత్తనం మాటలున్న పాత పుస్తకం ఒకటి చదవమన్నాడు. మిశ్రమ జాతివాళ్ల కోసం, సిలికాన్ వ్యాలీ జనం కోసం ఊళ్లు కిక్కిరిసిపోతున్నాయని ఏడ్చాడు. తర్వాత ఎఫ్‌బీఐ వెతికితే మతసంస్థలు, కోర్టులు, ఫెడరల్ భవనాలు, రెండు పెద్ద పార్టీల ఆఫీసులతో ఒక టార్గెట్ లిస్టు బయటపడింది. ఒకదానికొకటి పొసగని హింసాసిద్ధాంతాలు చాలా తిరగేశాడట. ఎఫ్‌బీఐ దేశీయ ఉగ్రవాదం కింద దర్యాప్తు తెరిచింది. అంటే వాడిది ఫలానా పార్టీ అని ముద్ర వేసేసి మనం చేతులు దులుపుకోవడానికి లేదు. ద్వేషం ముందు పుట్టింది, దానికి సిద్ధాంతం తర్వాత వెతుక్కున్నాడు. ఈ కాలపు కుర్రాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తోందని నా అభిప్రాయం.

తుపాకీ సంగతి చూడండి. ఏకే రకం సెమీ ఆటోమేటిక్ రైఫిల్. కాలిఫోర్నియాలో దాన్ని అమ్మనివ్వరు. పక్కనున్న నెవాడాలో జూలై 9న చట్టప్రకారమే కొన్నాడు. కొన్న పందొమ్మిదో రోజున ముగ్గురు పిల్లాపెద్దా శవాలయ్యారు. మన రాష్ట్రం ఎంత గట్టి చట్టం చేసుకున్నా, కారులో కొన్ని గంటలు పోతే ఇంకో చట్టం. వాడి జాతి ఏంటన్న చర్చ మన గ్రూపుల్లో నాలుగు రోజులు నడిచింది. ఈ నెవాడా ముక్క మీద నాలుగు మెసేజ్‌లు కూడా రాలేదు.

ప్రతి కాల్పులనీ రాజకీయం, జాతిద్వేషం అనడం కూడా సరికాదు. గ్యాస్ స్టేషన్‌లో, స్టోర్‌లో రాత్రి కౌంటర్ మీద ఉండి దోపిడీకి వచ్చినవాళ్ల చేతిలో పోయిన మనోళ్లున్నారు. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు వేరు: ఒక్కణ్నే ఎందుకు ఉంచారు, కెమెరా పనిచేస్తోందా, క్యాష్ ఎంత పెట్టారు. వాటిని కూడా "హేట్" అని ఫార్వర్డ్ చేస్తే, ఓనర్ హాయిగా తప్పించుకుంటాడు.

శాన్‌హోజేలో 2021 మే 26న వీటీఏ రైల్ యార్డ్‌లో తొమ్మిదిమందిని తోటి ఉద్యోగే కాల్చేశాడు. చనిపోయినవాళ్లలో మన దేశంలో పుట్టిన ఒక సిక్కు సోదరుడు ఉన్నాడు, పక్కవాళ్లని దాక్కోమని హెచ్చరిస్తూ తిరిగి తాను పోయాడని తోటివాళ్లు చెప్పారు. అది పార్టీ గొడవ కాదు, ఉద్యోగం మీద కక్ష. అయినా ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఆ మనిషి 2016లో ఫిలిప్పీన్స్ నుంచి వస్తుంటే కస్టమ్స్‌వాళ్లు ఆపి వెతికినప్పుడే వీటీఏ మీద ద్వేషం కక్కుతూ రాసుకున్న నోట్‌బుక్ కనపడింది. ఐదేళ్ల ముందు! ఒలేతాలో వాణ్ని బయటికి పంపించిన తర్వాత దొరికిన టైము కొద్దిసేపే. ఇక్కడ ఐదేళ్లు దొరికాయి.

మన ఊళ్లో మనం తక్కువేం తినలేదులెండి. 2005 జనవరి 24న అనంతపురం టీడీపీ ఆఫీసు దగ్గర పరిటాల రవిని కాల్చి చంపినప్పుడు గంటలో రాష్ట్రమంతా బస్సులు తగలబడ్డాయి. చంపినవాడు ఏ పార్టీ, ఏ కులం, ఏ వర్గం అన్న లెక్కలే. ప్రధాన నిందితుడు మొద్దు శీను 2008లో అనంతపురం జైల్లోనే హతమైపోయాడు. కోర్టులో వాడి నోట్లోంచి రావాల్సిన నిజం వాడితోనే పోయింది. ఆ లెక్కలు వేసే అలవాటు మనం సూట్‌కేసులో పచ్చడి జాడీతోపాటు ఇక్కడికి తెచ్చుకున్నాం. ఇక్కడ కులం బదులు రంగు, వర్గం బదులు వీసా కేటగిరీ, అంతే తేడా.

సరే, మాటలు చాలు. ఒలేతాలో శ్రీనివాస్ పోయిన రోజే ఆయన భార్య సునయన దుమాల వీసా ఆధారం కూడా పోయింది. ఈ ముక్క మన గ్రూపుల్లో చాలామందికి తెలియదు. భర్త హెచ్-1బీ మీద ఉంటే భార్యది డిపెండెంట్ స్టేటస్, ఆయన లేకపోతే అదీ లేదు. అంత్యక్రియలకి హైదరాబాద్ వెళ్తే మళ్లీ రానిస్తారా అన్నది కూడా ఆమెకి ప్రశ్నే అయింది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకోబట్టి ఆమె ఉండగలిగింది. అందరికీ ఒక యోడర్ దొరకడు. అందుకని ఇవి గుర్తుంచుకోండి.

నేరానికి బలైనవాళ్లకి, హత్య కేసుల్లో చనిపోయినవాళ్ల భార్యాభర్తలకి యూ వీసా అని ఉంది. పోలీసుల దర్యాప్తుకి సహకరించినట్టు వాళ్ల సంతకం కావాలి. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, క్యూ ఏళ్ల తరబడి ఉంటుంది, అందుకే ఆలస్యం చేయకుండా లాయర్‌ని కలవాలి. కాలిఫోర్నియా విక్టిమ్ కంపెన్సేషన్ బోర్డు అంత్యక్రియలకి, ఆసుపత్రికి, కౌన్సెలింగ్‌కి సాయం చేస్తుంది, వీసా స్టేటస్‌తో దానికి పని లేదు. ఎవరైనా బెదిరించినా, జాతి పేరుతో తిట్టినా కాలిఫోర్నియా వర్సెస్ హేట్ లైన్ ఉంది, 833-866-4283. అది పోలీసు లైన్ కాదు, స్టేటస్ భయంతో ఫోన్ చేయకుండా ఉండొద్దు. ప్రాణం మీదికొస్తే మాత్రం 911 ఒక్కటే.

తుపాకీ ఉన్న మనిషి ఫలానావాళ్లని లేపేస్తా అని పదే పదే అంటుంటే కోర్టుకి వెళ్లి ఆ తుపాకీ తీసేయించే చట్టం ఈ రాష్ట్రంలో 2016 నుంచి ఉంది. గన్ వయలెన్స్ రెస్ట్రెయినింగ్ ఆర్డర్ అంటారు. మొదట ఇంట్లోవాళ్లకి, పోలీసులకే ఆ హక్కు ఉండేది. 2020 సెప్టెంబర్ నుంచి యజమాని కూడా వేయొచ్చు, ఏడాదికి తగ్గకుండా కలిసి పనిచేసిన తోటి ఉద్యోగి కూడా యజమాని ఒప్పుకుంటే వేయొచ్చు. ఫైలింగ్ ఫీజు లేదు. "వాడు ఊరికే అంటాడులే" అని మనం నవ్వి వదిలేసే మాటల్ని ఒక డేట్ వేసి ఫోన్‌లో రాసి పెట్టుకోవడం మొదలెట్టండి. కోర్టు అడిగేది ఆ డేట్లే.

వీటీఏ తర్వాత శాన్‌హోజే సెనేటర్ డేవ్ కోర్టీజ్ తెచ్చిన చట్టం ఇంకోటి, ఎస్‌బీ 553. 2024 జూలై 1 నుంచి ఈ రాష్ట్రంలో దాదాపు ప్రతి యజమాని హింస జరగకుండా ఏం చేస్తాడో రాతపూర్వకంగా ప్లాన్ పెట్టుకోవాలి. బెదిరింపులు జరిగితే లాగ్‌బుక్‌లో రాయాలి. ఏటా ట్రైనింగ్ ఇవ్వాలి, అదీ పనివాళ్లకి అర్థమయ్యే భాషలో. పదిమంది కంటే తక్కువ ఉండి, పబ్లిక్ రాని చోట్లకి మినహాయింపు ఉంది గానీ, రెస్టారెంట్‌కి, గ్యాస్ స్టేషన్‌కి, మోటెల్‌కి, గ్రోసరీ స్టోర్‌కి పబ్లిక్ వస్తారు కాబట్టి నలుగురే పనిచేస్తున్నా తప్పదు. ఫిర్యాదు చేశారని ఉద్యోగంలోంచి తీసేస్తే అది మళ్లీ ఇంకో నేరం.

ఎల్ కమీనో మీద, లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన మన తెలుగు ఓనర్ల షాపులే బోలెడు. అన్నా, ఆ ప్లాన్ ఫైల్ ఎక్కడుంది అని గొడవ పడకుండా, మామూలుగా అడగండి. ప్లాన్ ఎప్పుడూ పనివాళ్లకి అందుబాటులో ఉండాలి, లాగ్‌బుక్ కాపీ అడిగితే 15 రోజుల్లో ఇవ్వాలి. వచ్చే ఆదివారంలోగా ఎవరికి ఏం సమాధానం వచ్చిందో గ్రూపులో రాయండి. షాపు పేరు, ఓనర్ పేరు వద్దు. ఫైల్ ఉందా, లేదా, చూపించారా, లేదా, అంతవరకు చాలు.